ఓపెన్ వరల్డ్ ఆటల్లో నడక, పరుగు, ఎక్కడం, ఈత: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి సెలవులు వచ్చాయంటే అమలాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న మా బంధువుల పిల్లలూ, ఒకప్పుడు నెట్ సెంటర్‌లో నా పక్క కుర్చీలో కూర్చుని ఆడి ఇప్పుడు తమ పిల్లలకు ఆటలు కొనిపెడుతున్న స్నేహితులూ ఓపెన్ వరల్డ్ ఆటల (పెద్ద లోకంలో నచ్చిన వైపు తిరుగుతూ ఆడే వీడియో గేముల) గురించి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. కత్తి ఎలా తిప్పాలి, ఏ మంత్రం ఎక్కువ దెబ్బ తీస్తుంది అనే సంగతులు ఇక్కడ దొరకవు. పాత్ర ఒక చోటి నుంచి మరో చోటికి ఎలా చేరుతుంది, ఆ చేరే శక్తి ఆట సాగేకొద్దీ ఎలా పెరుగుతుంది అన్నదే ఇక్కడి విషయం.

కదలిక నైపుణ్యం అని దేన్ని అంటారు?

నడవడం, పరుగెత్తడం, గెంతడం, ఎగబాకడం, ఈదడం, ఎత్తు నుంచి పడినా ప్రాణం నిలుపుకోవడం, ఇవన్నీ ఆ కోవలోకే వస్తాయి. కొన్ని ఆటలు వీటికి అంకెలు వేసి, లెక్క చూపిస్తాయి. మరికొన్ని వీటిని స్టామినా (ఓపిక) గీతలోనో, గుర్రంలోనో, గాలిలో తేలుతూ దిగే గ్లైడర్‌లోనో దాచిపెడతాయి. ఎల్డర్ స్క్రోల్స్ ఆటల సిరీస్‌నే తీసుకుంటే, 1996లో వచ్చిన డాగర్‌ఫాల్‌లో పరుగు, గెంతు, ఎక్కడం, ఈత నాలుగూ నాలుగు వేరు వేరు స్కిల్స్‌గా ఉండేవి. 2002 నాటి మారోవిండ్‌లో అవి అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ అనే రెండింటిగా కుదించుకుపోయాయి. మొదటిది పరుగుకూ ఈతకూ, రెండోది గెంతుకూ పడినప్పుడు తగిలే దెబ్బ తగ్గడానికీ పనికొచ్చేవి. 2006లో వచ్చిన ఆబ్లివియన్ ఆ రెండింటినీ అలాగే ఉంచింది. 2011లో స్కైరిమ్ వచ్చేసరికి రెండూ లేవు. పదిహేనేళ్ళలో నాలుగు రెండై, రెండు సున్నా అయ్యాయన్నమాట. అలాగని స్కైరిమ్‌లో కదలిక లేకుండా పోలేదు. వేగంగా పరుగెత్తితే స్టామినా ఖర్చవుతుంది, సుడిగాలిలా ముందుకు దూసుకుపోయే అరుపు మంత్రాన్ని కొండ మీది సాధువుల దగ్గర నేర్చుకోవచ్చు, కావాలంటే గుర్రం కొనుక్కోవచ్చు.

పాత్ర లెవెల్ (స్థాయి) పెరిగినప్పుడు వచ్చే పాయింట్లన్నీ కత్తి బలం మీద పెడితే చాలదా? నడక మీద ఖర్చు దండగ కాదా?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమంది పొరబడేదీ ఇక్కడే. నరసాపురం రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరి అవతల సఖినేటిపల్లి గట్టు కంటికి ఎదురుగా కనిపిస్తుంది. పంటు (నది దాటించే పడవ) తిరుగుతున్నంతసేపూ అది పక్క ఊరు. వరద వచ్చి పంటు ఆపేసిన రోజున అదే ఊరికి చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి, పొద్దున్నే బయలుదేరవలసిన ప్రయాణం అవుతుంది. నది వెడల్పు పెరగలేదు, దాటే సాధనం మాత్రం పోయింది. ఓపెన్ వరల్డ్ ఆటల మ్యాప్ కూడా సరిగ్గా ఇలాగే పని చేస్తుంది. తెర మీద కనిపించే దూరం ఒకటి, మీ పాత్రకు అది నిజంగా ఎంత దూరమన్నది మరొకటి. కత్తి బలం పెంచుకుంటే ఎదురుగా ఉన్న ఒక శత్రువు తేలికవుతాడు. కదలిక పెంచుకుంటే మ్యాప్ మొత్తం ఒకేసారి దగ్గరవుతుంది.

దీని లాభం యుద్ధంలోనూ కనిపిస్తుంది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో టోరెంట్ అనే గుర్రం ఆట మొదట్లోనే చేతికి వస్తుంది. దానికి మీ లెవెల్‌తో పని లేదు. గాలిలో రెండోసారి గెంతగలదు కాబట్టి పెద్ద శత్రువుల మధ్య నుంచి తప్పించుకుంటూ, ఆ లెవెల్‌లో అడుగు పెట్టకూడని కేలిడ్ వంటి ప్రాంతాల్లోకి కూడా చొరబడి, అక్కడి ఆయుధాలనూ, ఆయుధాలకు పదును పెట్టే రాళ్ళనూ ఏరుకుని బయటపడవచ్చు. ఒక్క శత్రువునూ చంపకుండానే మీ కత్తి బలపడుతుంది. అందుకే కొత్తవారికి నా సలహా ఎప్పుడూ ఒకటే: ఏ ఆట మొదలుపెట్టినా మొదటి రెండు మూడు గంటల్లో దొరికే కదలిక సాధనం ఏదో తెలుసుకుని, ముందు దాన్ని చేతిలోకి తెచ్చుకోండి.

పరుగెత్తేకొద్దీ పరుగు దానంతట అదే పెరిగే పద్ధతి మంచిదా, లెవెల్ పెరిగినప్పుడు పాయింట్లు పంచుకునే పద్ధతి మంచిదా?

నా మొగ్గు మొదటిదాని వైపే. కాలువ గట్టున పెరిగిన వాళ్ళకు ఈత ఎలా వస్తుందో తెలుసు కనుక ఆ మాట చెప్పడానికి సంకోచం లేదు. ఈతను ఎవరూ మార్కులు వేసి ఇవ్వరు, నీళ్ళలో దిగిన కొద్దీ వస్తుంది. మారోవిండ్‌లో పాత్ర మొదట్లో కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నట్టుంటుంది. ముప్పై గంటలు ఆడిన తరువాత అదే దారిలో అదే పాత్ర దూసుకుపోతుంటే, ఆ తేడా ఎవరో ఇచ్చిన బహుమానంలా ఉండదు, తిరిగిన దారులన్నిటి లెక్కగా కనిపిస్తుంది.

కానీ ఈ పద్ధతిలో ఒక గొయ్యి ఉంది, ఆబ్లివియన్ ఆడినవాళ్ళు చాలామంది అందులో పడ్డారు. ఆ ఆటలో మొదట ఏడు ప్రధాన స్కిల్స్ ఎంచుకోవాలి. వాటిలో అన్నీ కలిపి పదిసార్లు పెరుగుదల కనిపిస్తే, పాత్ర పడుకుని లేచాక లెవెల్ ఒకటి పెరుగుతుంది. మీ లెవెల్‌తో పాటు లోకంలోని శత్రువులు కూడా బలపడతారు. ఇప్పుడు అథ్లెటిక్స్, అక్రోబాటిక్స్ రెండూ ప్రధాన స్కిల్స్‌గా పెట్టుకున్న అమాయకుడి సంగతి ఆలోచించండి. అతడు ఊళ్ళు చూద్దామని పరుగెత్తుతూ, గట్లు గెంతుతూ తిరుగుతాడు. పడుకుని లేచేసరికి లెవెల్స్ పెరిగిపోతుంటాయి. కత్తి పట్టడం మాత్రం మొదటి రోజు ఎంత వచ్చో అంతే వచ్చు. ఇంతలో దారి దోపిడీ దొంగలు సైతం ఖరీదైన గాజు కవచాలు తొడుక్కుని ఎదురవుతారు. తిరిగిన పాపానికి శిక్ష పడినట్టే కదా! ఆ పాత ఆట ఆడేవారు ఈ రెండింటినీ ప్రధాన స్కిల్స్‌లో పెట్టకపోవడమే మంచిది. వాడేకొద్దీ అవి పెరుగుతూనే ఉంటాయి, లెవెల్‌ను మాత్రం ముందుకు తోయవు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన రీమాస్టర్‌లో (అదే ఆటకు కొత్త రూపంలో) లెవెల్ లెక్కనే మార్చి, ప్రధానం కాని స్కిల్స్‌కు కూడా అందులో వాటా ఇచ్చారు, దౌడు తీసే మీట కూడా కొత్తగా చేర్చారు. కాబట్టి పాత సలహాలు కొత్త ఆటకు యథాతథంగా పనికిరావు.

పాయింట్లు పంచుకునే పద్ధతిలో ఈ గొయ్యి లేదు, అక్కడి బాధ వేరు. కదలికకూ కత్తికీ ఒకే సంచిలోంచి ఖర్చు పెట్టవలసి వస్తే భయపడేవాళ్ళంతా కత్తికే పెడతారు, ఆ తరువాత ఆట నెమ్మదిగా ఉందని విసుక్కుంటారు. 2021లో వచ్చిన వాల్‌హైమ్ మధ్య దారి పట్టింది. పరుగు, గెంతు, ఈత స్కిల్స్ వాడకంతోనే 100 వరకు పెరుగుతాయి, చనిపోతే ప్రతి స్కిల్‌లోనూ 5 శాతం పోతుంది. పెంచుకున్నది పోతుందనే భయం ఉండటం వల్ల అందులో ఎవరూ ఊరికే గెంతులు వేస్తూ కూర్చోరు, చూసి అడుగేస్తారు.

ఒకేచోట నిలబడి గెంతుతూ ఉన్నా స్కిల్ పెరుగుతుంది కదా! మీటను నొక్కి ఉంచి వదిలేస్తే తప్పేమిటి?

తప్పేమీ లేదు, సరదా కూడా లేదు. మా రోజుల్లో ఒకడు స్పేస్ బార్ నొక్కుకునేలా మడత పెట్టిన అట్టముక్క దోపి, టీ తాగడానికి వెళ్ళేవాడు. తిరిగి వచ్చేసరికి పాత్ర స్కిల్ పెరిగేది, నెట్ సెంటర్ బిల్లు అంతకంటే ఎక్కువ పెరిగేది.

స్టామినా పెంచుకోవాలా, ప్రాణం పెంచుకోవాలా?

ఈ ప్రశ్న అడిగేవారిలో ఎక్కువమంది మనసులో ఉండే ఆట 2017 మార్చిలో వచ్చిన బ్రెత్ ఆఫ్ ది వైల్డ్. అందులో 120 చిన్న గుడులు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో గోళం దొరుకుతుంది. నాలుగు గోళాలు సమర్పిస్తే ఒక గుండె (ప్రాణానికి కొలత) అయినా తీసుకోవచ్చు, స్టామినా చక్రంలో అయిదో వంతు అయినా తీసుకోవచ్చు. లెక్క వేస్తే మొత్తం 30 సార్లు ఎంచుకునే అవకాశం వస్తుంది. ఒక చక్రంతో మొదలై మూడు చక్రాలు నిండాలంటే అందులో 10 ఖర్చవుతాయి. మిగిలిన 20తో గుండెలు పూర్తిగా నిండవు. అంటే రెండూ పూర్తిగా నింపుకోవడం సాధ్యం కాదు. ఏదో ఒకటి కొంత వదులుకోక తప్పదని ఆట తయారుచేసినవారు కావాలనే అలా పెట్టారు.

నేను మొదటి అయిదు సార్లూ స్టామినాకే ఇస్తాను. అప్పటికి రెండో చక్రం నిండుతుంది, ఎక్కలేని కొండలు చాలావరకు అందుబాటులోకి వస్తాయి, కొండ ఎక్కితే మరిన్ని గుడులు కనిపిస్తాయి, గుడులు దొరికితే గుండెలు వాటంతట అవే వస్తాయి. ముందు గుండెలు తీసుకున్నవాడికి ఈ వడ్డీ రాదు. ఒక మినహాయింపు ఉంది: మాస్టర్ సోర్డ్ అనే కత్తిని పెకలించాలంటే 13 గుండెలు ఉండి తీరాలి. ఆ సమయానికి తక్కువైతే హటేనో గ్రామంలో కొమ్ముల విగ్రహం ఒకటుంది. అది 100 రూపీలు (ఆ ఆటలోని డబ్బు) ఇచ్చి మీ స్టామినా తీసుకుంటుంది, 120 తీసుకుని గుండె ఇస్తుంది. ఇరవై రూపీల నష్టంతో పని జరిగిపోతుంది, పని అయ్యాక మళ్ళీ అదే నష్టంతో వెనక్కి మార్చుకోవచ్చు.

గెన్షిన్ ఇంపాక్ట్ ఆడేవారికి ఈ సందిగ్ధం లేదు. అక్కడ స్టామినాకు పాత్ర లెవెల్‌తో సంబంధమే ఉండదు. 100తో మొదలవుతుంది, కొండల మీదా గోపురాల మీదా దాచిన గోళాలు ఏరి తెచ్చి సప్త దేవతల విగ్రహాలకు సమర్పించిన కొద్దీ 240 వరకు పెరుగుతుంది. కాబట్టి కొత్త పాత్రల కోసం ఎదురుచూస్తూ కూర్చునే ముందు ఆ గోళాలు ఏరుకోండి. డబ్బు పెట్టకుండా దొరికే మేలు అది.

వాన పడితే కొండ మీద నుంచి జారిపోతున్నాను. ఆటలో లోపమా?

లోపం కాదు, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో వాన పడుతుంటే ప్రతి కొన్ని అడుగులకూ పాత్ర కాలు జారేలా కావాలనే రాశారు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు వానలో తడిసిన చెట్టు ఎక్కడానికి వెనకాడతారు. వాళ్ళ పనితనంలో లోటుండి కాదు, మాను జారుతుంది కనుక. ఆటలోని వీరుడికీ అదే న్యాయం వర్తిస్తుంది. చూరు ఉన్నచోట నిప్పు రాజేసుకుని పొద్దు గడపడం మొదటి ఉపాయం. కొండ చుట్టూ ఒక చుట్టు తిరిగి, మధ్యమధ్య నిలబడడానికి అరుగుల్లాంటి చోట్లు ఉన్న వైపు ఎంచుకోవడం రెండోది. ఒక్క ఊపులో పైకి లేపే రివాలీ గాలి అనే శక్తి సంపాదించాక ఈ బెడద సగం తగ్గుతుంది. 2023 మేలో వచ్చిన టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్‌లో పైకప్పును చీల్చుకుని పైకి తేలే శక్తి ఉంది, జారకుండా పట్టునిచ్చే కప్ప వేషం కూడా ఉంది. ఆ వేషం తొడిగిన వీరుణ్ణి చూసి మా మేనల్లుడు గంటసేపు నవ్వాడు. నవ్వుతూనే కొండ ఎక్కేశాడు.

బరువు ఎక్కువైతే ఏమవుతుంది?

ఆటను బట్టి ఉంటుంది. ఎల్డెన్ రింగ్‌లో మోయగలిగిన బరువులో 30 శాతం లోపు ఉంటే దెబ్బ తప్పించుకోవడానికి పాత్ర తేలికగా, చురుగ్గా దొర్లుతుంది. 70 శాతం లోపు మామూలుగా దొర్లుతుంది. ఆ పైన మూటలా పడుతుంది, 100 దాటితే అసలు దొర్లనే దొర్లదు. ఎండ్యూరెన్స్ పెంచితే స్టామినా, మోసే శక్తి రెండూ పెరుగుతాయి. కొత్తవారు ఖరీదైన కవచం దొరకగానే తొడిగేసి, తప్పించుకోవడం రావడం లేదని తమను తామే నిందించుకుంటారు. చాలాసార్లు లోపం చేతిలో ఉండదు, ఒంటి మీద ఉంటుంది. ఛాతీ కవచం ఒక్కటి మార్చి చూడండి. స్కైరిమ్‌లో లెక్క ఇంకా సులువు: లెవెల్ పెరిగినప్పుడు స్టామినా 10 తీసుకుంటే మోసే బరువు 5 పెరుగుతుంది, మోతకు మించితే పరుగు పోయి నడకే మిగులుతుంది.

ఎత్తు నుంచి పడి చనిపోవడం తప్పించుకునేదెలా?

ముందుగా ఒక కథ. మారోవిండ్‌లో మొదటి ఊరు దాటి కాస్త దూరం నడవగానే ఆకాశం నుంచి ఒక మంత్రగాడు కేకలు వేస్తూ వచ్చి మీ ముందు పడి చనిపోతాడు. అతడి దగ్గర మూడు తాళపత్రాలు దొరుకుతాయి. ఒకటి చదివితే ఏడు సెకన్లపాటు అక్రోబాటిక్స్ 1000 పెరుగుతుంది, ఆ ఊపులో ఒక్క గెంతుకు కొండలు దాటిపోతారు. కిందికి దిగేసరికి మాత్రం మంత్రం గడువు తీరిపోయి ఉంటుంది. నేల తాకే క్షణానికి ముందు రెండో పత్రం చదివినవాడే బతుకుతాడు. గెంతడం ఒక స్కిల్, దిగడం మరొక స్కిల్ అని ఇంత చక్కగా చెప్పిన ఆట నాకు మరొకటి తెలియదు. మాన్యువల్‌లో పది పేజీలు రాసే బదులు ఒక మనిషిని ఆకాశం నుంచి పడేశారు.

మిగతా ఆటల్లో మార్గాలు మామూలువే. గ్లైడర్ ఉంటే నేల దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం తెరిచినా చాలు. ఎల్డెన్ రింగ్‌లో గాలిసుడుల మీద దిగితే దెబ్బ తగలదు. స్కైరిమ్‌లో బరువు కవచాల పెర్క్ (అదనపు శక్తి) ఒకటి పడిన దెబ్బను సగానికి తగ్గిస్తుంది. అన్ని ఆటల్లోనూ కొండ అంచున పరుగు మీట మీద నుంచి వేలు తీసేయడం అలవాటు చేసుకోండి.

ఈత స్కిల్ ఎందుకు? నీళ్ళలోకి దిగకుండా ఆడవచ్చు కదా?

2002లో విడుదలైన జీటీఏ వైస్ సిటీ ఆ తరువాత నెట్ సెంటర్లకు వచ్చినప్పుడు మా పిల్లల బ్యాచ్ మొత్తం విస్తుపోయింది ఒక్క విషయానికే: అంత పెద్ద రౌడీ, అన్ని రకాల బండ్లు నడిపేవాడు, నీళ్ళలో పడితే చచ్చిపోతాడు! గౌతమి పాయల్లో మునిగి తేలే పిల్లలకు అది నమ్మశక్యం కాలేదు. 2004 నాటి శాన్ ఆండ్రియాస్‌లో హీరోకు ఈత వచ్చింది. అంతే కాదు, నీటి అడుగున ఎక్కువసేపు ఉన్న కొద్దీ ఊపిరి పట్టే శక్తి పెరిగేది. ఒక మిషన్ మొదలుపెట్టాలంటే ఆ శక్తి కొంతయినా పెంచుకుని రావాలి. సైకిల్ ఎక్కువ తొక్కితే సైకిల్‌తో ఇంకా ఎత్తుకు ఎగరగలిగేవాడు. అది ఆర్‌పీజీ (పాత్రను పెంచుకుంటూ ఆడే ఆట) అని ఎవరూ అనలేదు గానీ, మాలో చాలామందికి పాత్ర ఎదుగుదల అంటే ఏమిటో మొదట నేర్పింది ఆ ఆటే.

ఇప్పటి ఆటల్లో నీళ్ళు ఎక్కువగా కంచెలా పనిచేస్తాయి. స్టామినా అయిపోతే వాల్‌హైమ్‌లో ప్రాణం తరుగుతూ మునిగిపోతారు, బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లోనూ గెన్షిన్‌లోనూ మునిగి ఒడ్డున తేలుతారు. ఏటికి అడ్డంగా దిగే ముందు అవతలి ఒడ్డును, స్టామినా గీతను రెండింటినీ చూసుకోండి. మధ్యలో లంకలాంటి మెరక కనిపిస్తే అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ దిగండి.

ఫాస్ట్ ట్రావెల్ (దారి నడవకుండా దూరపు చోటికి ఒక్కసారిగా చేరడం) వాడితే ఆట చెడిపోతుందా?

చెడిపోదు, కానీ అది ఎలా ఇచ్చారన్నది ముఖ్యం. మారోవిండ్‌లో మ్యాప్ మీద నొక్కి ఎక్కడికైనా వాలిపోయే వీలు లేదు. పెద్ద పురుగులాంటి వాహనం కొన్ని ఊళ్ళకు, పడవ కొన్ని రేవులకు, మంత్రగాళ్ళ సంఘం కొన్ని పట్టణాలకు చేరుస్తాయి. ఒకదాని నుంచి మరొకదానికి ఎక్కడ మారాలో మీరే గుర్తుంచుకోవాలి. బస్సు దిగి పంటు ఎక్కి, అవతల ఆటో పట్టుకున్న అలవాటు ఉన్నవారికి ఇది పరాయిగా ఉండదు. కొన్నాళ్ళకు ఆ లోకం మొత్తం మ్యాప్ చూడకుండానే మనసులో నిలుస్తుంది. ఆబ్లివియన్‌లో పెద్ద పట్టణాలన్నిటికీ మొదటి రోజు నుంచే మ్యాప్ మీద నొక్కి పోవచ్చు. సౌకర్యమే, కానీ నాకు ఆ పట్టణాల మధ్య దారి ఒక్కటీ గుర్తు లేదు. మొదటిసారి కాలినడకన వెళ్ళి, రెండోసారి నుంచి ఫాస్ట్ ట్రావెల్ వాడడం నేను పాటించే పద్ధతి.

గాలిలో రెండోసారి గెంతే శక్తి వచ్చాక మొదటి స్కిల్స్ అన్నీ వృథాయేనా?

కొన్ని వృథానే. సైబర్‌పంక్ 2077లో కాళ్ళకు కొత్త స్నాయువులు వేయించుకుని రెండో గెంతు సంపాదించగానే, అంతకుముందు మెట్ల కోసం వెతికిన భవనాలన్నీ మెట్లు లేకుండానే అందుతాయి. 2023 సెప్టెంబరు అప్‌డేట్‌తో గాలిలోనే పక్కకు దూసుకుపోయే పెర్క్ కూడా తోడైంది. నా సలహా, డబ్బు చేతికి రాగానే తుపాకీ కంటే ముందు కాళ్ళు మార్పించుకోండి.

మా అబ్బాయి గంటల తరబడి ఊరికే పరుగెత్తుతున్నాడు, ఎవరితోనూ పోరాడడు. ఆట రాదేమో అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

అతడు పరుగెత్తేది ఒకే గోడ పక్కనా, రోజూ కొత్త చోట్లకా అన్నది రెండు రోజులు గమనించండి. ఒకే గోడ పక్కన అయితే అట్టముక్క గురించి పైన రాసిన జవాబు చదివించండి. కొత్త చోట్లకు పోతున్నట్టయితే ఆట బాగానే వచ్చినట్టు. భోజనానికి పిలిచేటప్పుడు మాత్రం ఒక్క సాయం చేయండి. ఎల్డెన్ రింగ్ వంటి కొన్ని ఆటల్లో పాజ్ మీట లేదు, కనుక అతడు శత్రువుల మధ్య ఉన్నాడో, సురక్షితమైన చోట ఉన్నాడో తెర వైపు ఒకసారి చూసి, అప్పుడు పిలవండి. కంచం ముందు కూర్చునేసరికి రెండు నిమిషాలు ఆలస్యమైనా, అన్నం మీద అలగకుండా తింటాడు.